ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ సాధన: ఆరో నమూనా పరీక్షను మింగిన ఎఫ్‌ఎస్‌ట్యాబ్

లైనక్స్ నిర్వాహకులకు రెడ్‌హ్యాట్ ఇచ్చే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ సర్టిఫికెట్ కోసం ఈ ఆదివారం రాసిన ఆరో నమూనా పరీక్షలో నా దిద్దుబాటు ప్రకారం 300కు 176 మార్కులు వచ్చాయి. ఉత్తీర్ణతకు 210 కావాలి. యూజర్లు, వేళకు పనులు నడిపే క్రాన్, ఫైర్‌వాల్, 82వ పోర్టులో అపాచీ వెబ్ సర్వర్‌కు భద్రతా వ్యవస్థ ఎస్‌ఈలైనక్స్ అనుమతి, అన్నీ సాఫీగా సాగాయి. 180 నిమిషాల్లో 64 నిమిషాలను డిస్కు స్థలాన్ని పంచిపెట్టే ఎల్‌వీఎం మీది ఒకే ఒక్క ప్రశ్న తినేసింది.

ఒక్కో ఎక్స్‌టెంట్, అంటే స్థలపు ముక్క, 16 ఎంబీ ఉండేలా డిస్కు స్థలాన్ని ఒకచోట చేర్చే వాల్యూమ్ గ్రూపును తయారుచేసి, అందులో 60 ఎక్స్‌టెంట్ల లాజికల్ వాల్యూమ్‌ను ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌గా ఫార్మాట్ చేసి, బూట్ సమయంలో దానంతటదే మౌంట్ అయ్యేలా, అంటే ఒక ఫోల్డరుగా అందుబాటులోకి వచ్చేలా, చేయాలన్నది ప్రశ్న. నేను తొందరలో ఎక్స్‌టెంట్ పరిమాణం ఇవ్వడం మరిచాను. అది డిఫాల్ట్‌గా 4 ఎంబీ కనుక 960 రావలసిన చోట 240 ఎంబీయే వచ్చింది. ఆ సంగతి, బూట్‌లో ఏది ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో ఫైల్ సిస్టమ్ గుర్తింపు సంఖ్య యూయూఐడీ రాసి, ఆ ఫైలులోనివన్నీ మౌంట్ చేసే మౌంట్ మైనస్ ఏ కూడా కొట్టిన తరువాత గాని కంటపడలేదు. అన్‌మౌంట్ చేసి, గ్రూపును తీసేసి, అంతా మళ్లీ కట్టి, మళ్లీ ఫార్మాట్ చేసి, ఈసారి డివైస్ పేరుతో చేత్తోనే మౌంట్ చేశాను. పరిమాణాలు చూపే డీఎఫ్‌లో సరైన పరిమాణం కనబడగానే నిశ్చింతగా రీబూట్ చేశాను.

తెర మీద ఎర్ర నక్షత్రాలు అటూ ఇటూ కదులుతూ 1 నిమిషం 30 సెకన్లు లెక్కపెట్టి, చివరకు మరమ్మతులకే పనికొచ్చే ఎమర్జెన్సీ మోడ్‌లో పడేశాయి.

మొదటి అనుమానం కరెంటు మీదకు పోయింది. మంగళవారం సాయంత్రం మా బాబామెట్టలో కరెంటు పోయినప్పుడు, బ్యాటరీ ముసలిదైపోయిన యూపీఎస్ 10 నిమిషాలకే చేతులెత్తేయగా, నేను సాధన చేసే వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్‌లోపల నడిచే నకలు కంప్యూటర్, నడుస్తుండగానే ఆగిపోయింది. ఫైల్ సిస్టమ్ దెబ్బతిన్నదేమోనని ఈ2ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే, అంతా శుభ్రంగా ఉందని చెప్పింది. రీబూట్ చేస్తే మరో 90 సెకన్లు. లాజికల్ వాల్యూమ్ యాక్టివ్ కావడం లేదేమోనన్నది రెండో అనుమానం. వాల్యూమ్‌ల జాబితా చూపే ఎల్‌వీఎస్‌లో అది నిక్షేపంగా యాక్టివ్‌గానే కనిపించినా, నమ్మకం కోసం వాటిని యాక్టివ్ చేసే వీజీఛేంజ్ కొట్టి మళ్లీ రీబూట్ చేశాను. మరో 90 సెకన్లు.

గడియారాన్ని ఆపకుండానే శ్రీకాకుళంలో సర్వర్లు చూసే మా మేనల్లుడికి ఫోన్ చేశాను. పరీక్షలో ఫోన్ ఉండదు కనుక ఈ ప్రశ్నకు మార్కులు వేసుకోలేదు. రెండు మాటలు విన్నాడో లేదో, "మావయ్యా, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ రాశాక మళ్లీ ఫార్మాట్ చేసేరా?" అని అడిగాడు. ఫార్మాట్ చేసిన ప్రతిసారీ ఫైల్ సిస్టమ్‌కు కొత్త యూయూఐడీ వస్తుంది. నా ఎఫ్‌ఎస్‌ట్యాబ్ మాత్రం చచ్చిపోయిన పాత దాని కోసమే ఎదురుచూస్తోంది. చేత్తో మౌంట్ చేయడం వల్ల తప్పు కప్పబడిపోయింది. అప్పుడు మౌంట్ మైనస్ ఏ కొట్టి ఉంటే అది అక్కడికక్కడే బయటపడేది.

కథ అక్కడితోనూ ముగియలేదు. హైఫన్లతో కలిపి 36 అక్షరాల ఆ సంఖ్యను కాగితం మీద రాసుకుని టైపు చేసేటప్పుడు ఒకచోట 8కి బదులు బీ పడింది, నాలుగోసారి కూడా అదే ఎర్ర నక్షత్రం. యూయూఐడీని చూపే బీఎల్‌కేఐడీ కమాండ్ ఇచ్చే విలువను రెండు బాణం గుర్తులతో నేరుగా ఎఫ్‌ఎస్‌ట్యాబ్ చివరకు పంపిస్తే సరిపోయేదన్న బుద్ధి అప్పటికి పుట్టింది. ఐదో బూట్ సజావుగా లేచింది.

పరీక్ష సిలబస్‌లో యూయూఐడీ లేదా లేబుల్ అని స్పష్టంగా ఉన్నప్పుడు అందరూ యూయూఐడీనే ఎందుకు పట్టుకు వేలాడతారో నాకు అంతుపట్టదు. ఫార్మాట్ చేసేటప్పుడే లేబుల్ ఇస్తే, మళ్లీ చేయవలసి వచ్చినా అదే పేరు పెట్టవచ్చు. ఈఎక్స్‌టీ4కు 16 అక్షరాలు, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్‌కు 12 అక్షరాలు మించకుండా చూసుకుంటే చాలు. రీబూట్‌కు ముందు, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో తప్పులు పట్టే ఫైండ్‌మౌంట్ వెరిఫై కొట్టడం కూడా ఇకపై నా నియమం. నన్ను చెడగొట్టింది మెషీన్ స్థితిని యథాతథంగా దాచే వర్చువల్‌బాక్స్ స్నాప్‌షాట్ల అలవాటేనని నా అభిప్రాయం: చెడితే వెనక్కి పోవచ్చన్న ధీమాతో, చెడినదాన్ని బాగుచేయడం నేర్చుకోలేదు. అందుకని రెడ్‌హ్యాట్ లైనక్స్‌కు ఉచిత ప్రత్యామ్నాయమైన ఆల్మాలైనక్స్ 9 నడిచే నా మెషీన్‌లోని స్నాప్‌షాట్లన్నీ తీసేశాను. ముందు మరో లైనక్స్ సర్టిఫికెట్ పరీక్ష ఎల్‌పీఐసీ-1 రాయమని మేనల్లుడు ఎప్పటినుంచో అంటున్నాడు గాని, ఒక్కొక్కటి 60 ప్రశ్నల ఆ రెండు పేపర్లలో ఇలాంటి గోతిలో పడి పైకి రావలసిన పని ఉండదు, నాకు కావలసినది ఆ పనే.

వచ్చే ఆదివారానికి యూపీఎస్ బ్యాటరీ మార్చాలి. ఏడో నమూనాలో స్టోరేజీ ప్రశ్నలను మొదటి గంటలోనే పెట్టుకుని, ఒక్కొక్క దాని తరువాత రీబూట్ చేస్తాను. ఆపైన పాడ్‌మ్యాన్ కంటైనర్‌ను, అంటే విడిగా పెట్టెలో పెట్టినట్టు నడిచే ప్రోగ్రామును, రూట్ అధికారం లేకుండా, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో యూజర్ సర్వీసుగా నడపాలి. యూజర్ లాగిన్ కాకున్నా సర్వీసులను నడవనిచ్చే లింగర్ ఆన్ చేయడం రెండుసార్లు మరిచిపోవడంతో లాగిన్ అయితే తప్ప అది లేవడం లేదు. తరువాతి టపా బహుశా దాని మీదే ఉంటుంది.