ఎదిగొచ్చిన కొడుకులు, నా పేరున ఇల్లు: విశాఖలో ఈ లెక్క ఎలా తేల్చుకున్నానంటే (నా అనుభవం)

పద్దెనిమిదేళ్ళు నిండి, ఒంట్లో ఏ లోపమూ లేని కొడుకుని పోషించాల్సిన బాధ్యత చట్టప్రకారం తల్లికి లేదు. తండ్రికీ లేదు. 1956 నాటి హిందూ దత్తత, భరణం చట్టం 20వ సెక్షన్ కొడుకు పోషణని మైనారిటీ తీరేదాకే చెప్పింది. పెళ్ళికాని కూతురి సంగతి వేరు. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 125వ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 144వ సెక్షన్ చూసినా, మేజరైన పిల్లలకి భరణం రావాలంటే శారీరక లేదా మానసిక వైకల్యం వల్ల సంపాదించుకోలేని స్థితి ఉండాలి. విడాకులైన ఆడవాళ్ళు చాలామంది ఈ ఒక్క ముక్క తెలియక "కన్నాక తప్పుతుందా" అని ఏళ్ళు లాగిస్తారు. ప్రేమకొద్దీ పెట్టడం వేరు, బాకీ ఉన్నట్టు పెట్టడం వేరు. నాకు ఇద్దరు కొడుకులు. ఒకడు ద్వారకానగర్ కోచింగుల్లో గ్రూప్స్, ఒకడు ఉద్యోగం మానేసి ఇంట్లో. నాకింకా అరవై నిండలేదు. వయసు ఎందుకు చెప్తున్నానో కింద తెలుస్తుంది.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది: వీడు పని చేయలేనివాడా, చేయనివాడా? నెలల తరబడి గది దాటి రాకపోవడం, నిద్ర తలకిందులవడం, స్నానం మానేయడం, ఎవరో తననే చూస్తున్నారనడం లాంటివి ఉంటే బద్ధకం అని ముద్ర వేసేయకండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఓపీలో చూపించొచ్చు. రావడానికి ఒప్పుకోకపోతే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కి ఫోన్ చేసి ఎలా కదపాలో అడగండి. నిజంగా వైకల్యం ఉంటే సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) దారి పట్టాలి. ఇక్కడి నుంచి చెప్పేదంతా రెండో రకం వాళ్ళ గురించి.

తర్వాత ఇల్లు ఎవరిదన్న ప్రశ్న. మా ఇంట్లో గొడవంతా దీని చుట్టూనే తిరిగింది. "నాన్న డబ్బుతో కొన్న ఇల్లేగా అమ్మా, నీదొక్కదానిదే ఎలా అవుద్ది?" విడాకులప్పుడు ఒకేసారి ఇచ్చిన శాశ్వత భరణంలో తమ వాటా కూడా ఉందని పిల్లలు నమ్ముతారు, అవతలి పక్షం వాళ్ళు ఆ నమ్మకానికి ఎరువు వేస్తారు. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద ఇచ్చేది భార్యకో భర్తకో ఇచ్చే భరణం. పిల్లల పోషణకి 26వ సెక్షన్ వేరే ఉంది, అదీ మైనారిటీ దాకానే. భరణం కింద వచ్చిన ఆస్తిగానీ, ఆ డబ్బుతో కొన్నదిగానీ హిందూ వారసత్వ చట్టం 14(1) ప్రకారం స్త్రీకి సంపూర్ణ హక్కుభుక్తం. ఆమె బతికుండగా అందులో కొడుక్కి వాటా అడిగే హక్కు లేదు.

ఒక మెలిక మాత్రం ఉంది. అదే సెక్షన్‌లో రెండో భాగం, 14(2), డిక్రీలోనో దస్తావేజులోనో హక్కుని కొత్తగా ఇస్తూ దానికి పరిమితి పెట్టి ఉంటే ఆ పరిమితి చెల్లొచ్చంటుంది. కాబట్టి రాజీ విడాకులైతే రాజీ షరతుల కాగితం తీసి ఒక్కో వాక్యం చదవండి. "జీవితాంతం అనుభవించి తదుపరి పిల్లలకు చెందునట్లు" అనో, "పిల్లల నిమిత్తం" అనో ఉందా? ఉంటే లాయరుకి చూపించకుండా పిల్లలతో ఇల్లు నాది అని వాదానికి దిగొద్దు. డిక్రీ జిరాక్సు సరిపోదు. ఫ్యామిలీ కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి సర్టిఫైడ్ కాపీ రెండు సెట్లు తీసుకోండి, ఒకటి ఇంట్లో ఉంచొద్దు. దాంతోపాటు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఇంటి ఈసీ (ఇంటి మీద జరిగిన లావాదేవీల పత్రం), జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లు. ఇంటిపన్ను ఎప్పుడూ మీ ఖాతా నుంచే కట్టండి. "ఈసారి నేను కట్టేస్తాలే అమ్మా" అన్నది మంచి మాటే, కానీ నాలుగేళ్ళ తర్వాత అదే రసీదు "ఇంటికి నేనూ పెట్టాను" అనడానికి ఆధారమవుతుంది.

వాళ్ళకి నిజంగా హక్కున్న చోటు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. తండ్రివైపు పిత్రార్జితం ఉంటే అందులో కొడుకుల హక్కు పుట్టుకతో వచ్చింది, తల్లిదండ్రుల విడాకులతో పోదు. అది అడగాల్సింది అటు. నేను మా వాళ్ళకి ఈ సంగతి కాగితం మీద రాసిచ్చాను. సగం వేడి దాంతోనే దిగింది.

ఇక డబ్బు కారే చిల్లులు. అందరూ యూపీఐ పిన్ మార్చేసి అయిపోయిందనుకుంటారు. మీ నంబరున్న సిమ్ కొడుకు ఫోన్‌లో ఉండి, మీ డెబిట్ కార్డు వాడికి అందుబాటులో ఉంటే కొత్త పిన్ పెట్టుకోవడం రెండు నిమిషాల పని: కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఓటీపీ ఉంటే చాలా బ్యాంకుల్లో చాలు. ముందు సిమ్ మీ ఫోన్‌లోకి రావాలి, తర్వాత కొత్త కార్డు, ఆ తర్వాత పిన్. ఉమ్మడి ఖాతా "ఎవరైనా ఒకరు" పద్ధతిలో ఉంటే మొత్తం సొమ్ము ఏ ఒక్కరైనా తీసేయొచ్చు. పేరు తీయించాలంటే మామూలుగా ఇద్దరి సంతకాలూ అడుగుతారు, కాబట్టి ఆ గొడవలోకి పోకుండా మీ ఒక్కరి పేరున కొత్త ఖాతా తెరిచి జీతమో పింఛనో వచ్చే అద్దో అటు మళ్ళించండి. బంగారం లాకర్‌లోకి. కొడుకు లోనుకి హామీ సంతకం పెట్టకండి. హామీదారు బాధ్యత అప్పుతీసుకున్నవాడి బాధ్యతతో సమానం, బ్యాంకు మీ కొడుకుని వదిలేసి నేరుగా మీ మీదికే రావొచ్చు.

బండి సంగతి చాలామంది పట్టించుకోరు. అమ్మ పేరున బండి, తోలేది కొడుకు, ఇన్సూరెన్సు ఎప్పుడో అయిపోయింది. ఎవరినైనా గుద్దితే పరిహారం రిజిస్టరైన యజమాని మెడకి చుట్టుకుంటుంది. అమ్మేశాను, ఇచ్చేశాను అన్నా బండి రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఎవరి పేరుందో వాళ్ళదే బాధ్యతని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. లైసెన్సు లేనివాడికి బండి ఇస్తే అదొక వేరే నేరం. ఫైనాన్సు తీరితే బ్యాంకు ఎన్‌ఓసీతో (బాకీ లేదన్న కాగితం) ఫారం 35, తర్వాత ఫారం 29, 30 పెట్టి వాడి పేరుకి మార్చేయండి. తీరకపోతే కనీసం ఇన్సూరెన్సు మీరే రెన్యూవల్ చేయించండి. ఆ ఖర్చుకి మాత్రం పీనాసితనం వద్దు.

ఇవన్నీ అయ్యాకే కూర్చుని మాట్లాడాలి. మధ్యవర్తిగా మేనమామని పెడితే అమ్మ పక్షం అంటారు, బాబాయిని పెడితే మీకు నచ్చదు. పిల్లలు "మాస్టారూ" అని పిలిచే మనిషి ఎవరైనా ఉంటే వాళ్ళే మేలు. ఇద్దరికీ కలిపి ఒకే కాగితం రాయొద్దు, ఎవరి కాగితం వాళ్ళది. ఒకడు తప్పితే రెండోవాడు "అన్నయ్యే ఇవ్వట్లేదు, నేనెందుకు?" అని తప్పుకుంటాడు. మా కాగితంలో మొదటి వాక్యాలు ఇవి: "మా అమ్మగారి స్వంత ఇంట్లో ఆమె అనుమతితో ఉంటున్నాను. ఈ నివాసం వలన ఇంటిపై నాకు ఎటువంటి హక్కు సంక్రమించదు. ప్రతి నెల 5వ తేదీలోగా ఇంటి ఖర్చుల వాటా క్రింద 3,000 రూపాయలు అమ్మగారి ఖాతాకు జమచేస్తాను." ఇందులో ఎక్కడా అద్దె అన్న మాట లేదు చూడండి. అద్దె అని రాసి రసీదు ఇస్తే రేపు కిరాయిదారు హక్కులు మాట్లాడతాడు. చేతికి నగదు వద్దు, ఖాతాకే. సంపాదన లేనివాడికి అంకె పెట్టడం దండగ, పని రాయండి: గ్యాస్ బుక్ చేసి సిలిండర్ లోపల పెట్టడం, రైతుబజారు సరుకు, వారంలో ఫలానా మూడు పూటల వంట, దాంతోపాటు పని వెతుక్కునే గడువు. "ఏదో ఒకటి చూసుకో" అంటే ఎవరూ చూసుకోరు. గడువు తేదీ రాయాలి, ఆ తేదీకి ఏ మెట్టు దాటుతామో కూడా అక్కడే రాయాలి. కోచింగు వాడికైతే ఎన్ని నోటిఫికేషన్లదాకా చదువు, ఆ తర్వాత ఏమిటి అన్నది ముందే రాయించుకోండి. లేకపోతే గ్రూప్స్‌కి అంతుండదు.

చేయకూడని పని ఒకటే. కోపంలో తాళం మార్చేసి సామాను మెట్ల మీద పెట్టొద్దు. సొంత ఇంట్లో కొడుకు ఉండడం తల్లిదండ్రుల దయ మీద ఆధారపడిందేగానీ హక్కు కాదని ఢిల్లీ హైకోర్టు 2016లోనే చెప్పింది. అయినా ఏళ్ళుగా ఉంటున్న మనిషిని పద్ధతి ప్రకారమే పంపాలి. లేకపోతే స్టేషన్‌లో మీరే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇంట్లో రాసుకున్న కాగితం నిలబడాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గరికి తీసుకెళ్ళండి. జిల్లా కోర్టు ప్రాంగణంలోనే ఉంటుంది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది, ఫోన్ 15100. కేసు వేయకముందే ప్రీ లిటిగేషన్ దరఖాస్తు పెట్టొచ్చు. తెల్లకాగితం మీద అడ్రసులు, తగాదా నాలుగు వాక్యాల్లో, మీరు కోరేది రెండు వాక్యాల్లో రాస్తే చాలు. పిల్లలకి నోటీసు వెళ్తుంది. ఒప్పందం కుదిరి లోక్ అదాలత్ అవార్డుగా రాస్తే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు, తప్పితే అమలు పిటిషన్ వేయొచ్చు. నా మటుకు ఇంత తక్కువ ఖర్చుతో, ఇంత తక్కువ మనసు విరుపుతో అయ్యే దారి ఇంకోటి లేదు. కొడుకులు రాకపోతే మాత్రం అక్కడ బలవంతం లేదు, ఫైలు మూసేస్తారు.

అప్పుడు ఆర్డీవో. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ట్రిబ్యునల్ ఆయన దగ్గరే. ఇక్కడే వయసు సంగతి. భరణం అడగడానికి తల్లికి అరవై నిండక్కర్లేదు, తల్లి అయితే చాలు. రాసిచ్చిన ఆస్తిని 23వ సెక్షన్ కింద రద్దు చేయించుకోవాలంటే మాత్రం అరవై నిండాలి. విశాఖ జిల్లాలో రెండు రెవెన్యూ డివిజన్లు. నగరం నడిబొడ్డున ఉన్నా సీతమ్మధార మండలం భీమునిపట్నం డివిజన్‌లో ఉంది, గాజువాక, గోపాలపట్నం, మహారాణిపేట విశాఖపట్నం డివిజన్‌లో. మండలం చూసుకుని వెళ్ళకపోతే తిరుగుడే. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి ఇచ్చేది వినతి పత్రం మాత్రమే. గడువులు నడవాలంటే ఈ చట్టం పేరు రాసి ట్రిబ్యునల్‌కే దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి.

విడాకుల కథ నాలుగు పేజీలు రాయొద్దు. మొదటి పేరాలోనే ఏం కావాలో రాయండి. ఉద్యోగం లేని కొడుకు నుంచి నెలకి ఇంత ఇప్పించమంటే ఆర్డరు కాగితం మీదే ఉంటుంది. చట్టంలో గరిష్ఠం నెలకి 10,000 రూపాయలు. సంపాదించేవాడి మీద భరణం, ఖాళీగా ఉన్నవాడి విషయంలో ఇల్లు ఖాళీ చేయించడం, నా డబ్బు, సామాను జోలికి రాకుండా ఆదేశం అని విడివిడిగా అడగండి. ఖాళీ చేయించే అధికారం ట్రిబ్యునల్‌కి ఉందని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది, కానీ అడిగిన ప్రతిసారీ ఇచ్చేయాలని కాదు. వాడు అక్కడుంటే మీ ఆరోగ్యం, రక్షణ, తిండి ఎలా దెబ్బతింటున్నాయో చూపాలి: ఆసుపత్రి చీటీలు, డబ్బు తీసిన బ్యాంకు స్టేట్‌మెంటు, తప్పిన ఒప్పందం కాగితం. పెళ్ళై కోడలు ఉంటే దారి మారుతుంది, గృహహింస చట్టం కింద ఆమెకి నివాస హక్కు ఉండొచ్చు, దాన్ని తోసేయడానికి ఈ చట్టాన్ని వాడుకోనివ్వరు.

నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30. మధ్యలో రాజీ అధికారికి పంపితే ఆయనకి నెల గడువు. పిలిచినా కొడుకులు రాకపోతే ఏకపక్షంగా విని ఆర్డరు ఇవ్వొచ్చు. 17వ సెక్షన్ లాయరు లేకుండా నడపమంటుంది కాబట్టి మీ మాట మీరే చెప్పుకునేట్టు సిద్ధంగా ఉండండి, అధికారి అడిగేవి మూడు నాలుగు ప్రశ్నలే. నచ్చకపోతే 60 రోజుల్లో కలెక్టరుకి అప్పీలు. ఆర్డరైన భరణం ఆగితే మూడు నెలల్లోపే అమలుకి దరఖాస్తు పెట్టాలి, ఆ గడువు దాటిన బకాయికి వారెంటు రాదు.

చెయ్యి చేసుకోవడం, బెదిరించి డబ్బు లాక్కోవడం ఉంటే ఈ మెట్లేవీ ఎక్కుతూ కూర్చోవద్దు. అప్పటికప్పుడు పోలీసుకి 112, తర్వాత మహిళా హెల్ప్‌లైన్ 181. గృహహింస చట్టం 2005 కోడళ్ళకే అనుకుంటారు, తల్లి కొడుకు మీద కూడా వేయొచ్చు. రక్షణాధికారి రాసే రిపోర్టుతో మేజిస్ట్రేటు 19వ సెక్షన్ కింద కొడుకుని ఇల్లు వదిలి వెళ్ళమని ఆదేశించొచ్చు.

వేరుపడ్డాక మిగిలేవి చిన్న పనులు: సచివాలయంలో రైస్ కార్డు విభజన, వాళ్ళ ఆధార్ అడ్రసు మార్పు, ఇంటికొచ్చే బ్యాంకు ఉత్తరాలు ఆపించడం. పెద్ద పని వీలునామా. విడాకులైన భర్త వారసుడు కాడు. వీలునామా లేకపోతే ఇల్లు కొడుకులు, కూతుళ్ళకి సమానంగా పోతుంది, అందులో మిమ్మల్ని చూసినవాడూ చూడనివాడూ ఒకటే. ఇద్దరు సాక్షులు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయించండి, ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. గిఫ్ట్ సెటిల్‌మెంట్ (దాన దస్తావేజు) అలా కాదు, ఇచ్చాక మీరొక్కరే వెళ్ళి రద్దు చేసుకోలేరు. ఇవ్వక తప్పదనుకుంటే పోషణ షరతు దస్తావేజులోనే రాయించండి. పైన చెప్పిన 2007 చట్టం 23వ సెక్షన్‌కి ఆ షరతు కావాలని సుప్రీంకోర్టు 2022లో అంది. 2025 జనవరిలో తల్లిదండ్రుల వైపు కాస్త ఉదారంగా చూసినా, ఆ కేసులోనూ కొడుకు రాసిచ్చిన కాగితం ఉంది. బ్యాంకుల్లో, పీఎఫ్‌లో నామినీ ఇంకా మాజీ భర్త పేరే ఉందేమో ఒకసారి తిరగేయండి, డిక్రీ వచ్చినంత మాత్రాన అది దానంతటదే మారదు.