రెండు వయసుల పిల్ల

ఈరోజు పిల్లను డాక్టరుగారి దగ్గరికి పరీక్షకు తీసుకువెళ్ళాము. షేరాటోలో పక్కన కూర్చున్న పెద్దావిడ "ఎన్నో నెలమ్మా?" అని అడిగినప్పుడు, ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగి జవాబు చెప్పాను. పుట్టి ఆరు నెలలయింది. కానీ 28 వారాలకే, అంటే నెలలు నిండడానికి 12 వారాల ముందే పుట్టింది కనుక, ఎదుగుదల చూసేటప్పుడు దాన్ని మూడు నెలల పిల్లగానే లెక్కించాలి. టీకాలకు మాత్రం పుట్టిన తేదీయే లెక్క.

అందరూ బరువు అడుగుతారు. నేను ఎదురుచూసేది తల కొలత కోసం. నర్సమ్మ కనుబొమల పైనుంచి, చెవుల మీదుగా, వెనక తల ఎత్తుగా ఉన్నచోటి దాకా టేపు చుట్టి, మూడుసార్లు కొలిచి, వాటిలో పెద్ద అంకెను రాసింది: 39 సెంటీమీటర్లు. పుట్టిననాడు అది 25, బరువు 980 గ్రాములు. తల ఎముకలు ఇంకా అతుక్కోని ఈ వయసులో తల తగినట్టుగా పెరగడమంటే, మామూలుగా లోపల మెదడు పెరుగుతున్నదని అర్థం.

28 వారాలప్పుడు మెదడు పైభాగం ఇంకా చాలావరకు నున్నగానే ఉంటుందనీ, ముడతలలో ఎక్కువ భాగం ఆ తరువాతి వారాలలోనే ఏర్పడతాయనీ, 35 వారాలకు కూడా మెదడు బరువు నెలలు నిండిన బిడ్డ మెదడులో మూడింట రెండు వంతులే ఉంటుందనీ డాక్టరుగారు చెప్పినప్పుడు నాకు దుఃఖం ఆగలేదు. నా కడుపులో చీకట్లో జరగవలసిన పని, దీపాల కిందా, మానిటర్ల మోత మధ్యా జరుగుతున్నది. దాన్ని వెచ్చగా ఉంచిన పెట్టె, అంటే ఇంక్యుబేటరు మీద దుప్పటి కప్పి, దాని నిద్ర చెడకుండా నర్సులు ఎందుకు అంత గుసగుసగా మాట్లాడుకునేవారో అప్పుడు తెలిసింది. మెత్తని మాడు మీద జెల్లు రాసి, లోపల రక్తస్రావం ఉందేమోనని స్కాను తీసిన ఆ మొదటి రోజులు మాత్రం తలుచుకోలేను.

ఆ తరువాత కంగారూ సంరక్షణ మొదలైంది. ఇంక్యుబేటర్లు సరిపోక కొలంబియాలోని బొగొటాలో 1978లో ఎడ్గార్ రే అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి అది. గుప్పెడంత పిల్లను చర్మానికి చర్మం తగిలేలా గుండెల మీద నిలువుగా పడుకోబెట్టుకుంటే, దాని మాడు నా గడ్డం కింద వెచ్చగా కొట్టుకునేది. పిండిన పాలు గొట్టం గుండా మిల్లీలీటర్ల లెక్కన లోపలికి వెళ్తూ ఉండేవి.

మా అత్తయ్య ధైర్యం చెప్పడానికే అన్నారు, "ఏడో నెల బిడ్డలు బతుకుతారమ్మా, ఎనిమిదో నెలవాళ్ళే నిలవరు" అని. ఆవిడ ప్రేమను కాదనను గానీ, ఆ మాట తప్పు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఎనిమిదో నెలలో నొప్పులు మొదలైన ఏ తల్లీ ఈ మాట విని ఆశ వదులుకోకూడదు.

బోర్లా పడుకోబెడితే ఈరోజు తల ఎత్తి, డాక్టరుగారి చేతిలోని ఎర్ర ఊలుబంతిని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది. మెడ ఇంకా పూర్తిగా నిలవలేదు. నడక, మాట, చదువు ఎలా ఉంటాయో ఇప్పుడే ఎవరూ చెప్పలేరనీ, చూపిస్తూనే ఉండాలనీ అన్నారు. ఇంటికి వచ్చి క్యాలెండరులో ఈరోజు గడిలో 39 అని రాశాను. మూడు నెలల తరువాతి గడిలో చుక్క పెట్టాను. పిల్ల లేచినట్టుంది.