కాళ్లు ముడిచిన రోజు నుంచి కుబుసం దాకా: గుంటూరు ఎండల్లో ఒక రెడ్‌నీ టరాంటులా లాగ్

జంతువు: మెక్సికన్ రెడ్‌నీ (బ్రాకిపెల్మా హమోరీ) అనే పెద్ద సాలీడు, ఆడది. కాలి చివరి నుంచి ఎదుటి కాలి చివరి దాకా 13 సెంటీమీటర్లు. ఏప్రిల్ 27న బరువు 22.6 గ్రాములు.

పెట్టె: 30 × 20 × 25 సెంటీమీటర్ల అక్రిలిక్. అడుగున 11 సెంటీమీటర్ల మందాన కొబ్బరి పొట్టు, తోటమట్టి కలిపి అదిమింది. పైన మూతకి, మట్టికి మధ్య 14 సెంటీమీటర్ల ఖాళీ. ఈ ఖాళీ సాలీడు కాళ్ల కొలతకి ఒకటిన్నర రెట్లు దాటకూడదు. దాటితే గోడెక్కి జారిపడినప్పుడు పొట్ట పగులుతుంది.

స్థలం: బ్రాడీపేట, పై కప్పు నేరుగా ఎండకి కాగే గది. ఫ్యాను ఉంది, ఏసీ లేదు.

మే 24, సాయంత్రం 4.10

గది 38.6 డిగ్రీలు, పెట్టె లోపల 37.9, తేమ 27 శాతం. సాలీడు తన కాళ్ల మీదే ఉంది, వెల్లకిలా పడలేదు. కాళ్లన్నీ పొట్ట కిందికి, గుప్పిట మూసినట్టు ముడుచుకున్నాయి. పొట్ట మీద ముడతలు. ముందుభాగం కంటే పొట్ట చిన్నగా కనిపిస్తోంది. నీళ్ల గిన్నెగా పెట్టిన చిన్న మూత పూర్తిగా ఎండిపోయింది.

ఇలాంటప్పుడు చెయ్యి పెట్టడానికి ముందు చూడాల్సినవి ఉన్నాయి. మొదటిది, వెల్లకిలా ఉందా, బోర్లా ఉందా. వెల్లకిలా పడి, కాళ్లు పక్కలకి చాచి ఉంటే అది కుబుసం విడుస్తోంది. చచ్చిపోయిందనుకుని తిప్పి పడుకోబెట్టడం కొత్తవాళ్లు చేసే అతి పెద్ద తప్పు. ఆ సమయంలో కోరలు, కాళ్లు, పీల్చే పొట్ట (ఆహారాన్ని లోపలికి పీల్చే అవయవం) లోపలి పొర అన్నీ మైనంలా మెత్తగా ఉంటాయి, కదిపితే అక్కడికక్కడే పాడవుతాయి. బోర్లా ఉండి కాళ్లు కిందికి ముడిస్తే అది ప్రమాదం.

రెండోది, ఎక్కడైనా తడి ఉందా. సాలీడు రక్తంలో ఇనుముకి బదులు రాగి ఉంటుంది కాబట్టి ఎర్రగా ఉండదు, పలచగా లేత నీలంగానో, రంగు లేకుండానో ఉంటుంది. నీళ్ల మరకే కదా అని వదిలేస్తే రక్తం పోతూనే ఉంటుంది. మూడోది, నోటి దగ్గర తెల్లటి జిగురు ఉందా. నాలుగోది, కాళ్లు ఎగిరెగిరి పడుతున్నాయా, నడక తాగినవాడి నడకలా ఉందా.

ఇక్కడ మిగతా మూడూ లేవు. ఎండిన మూత, ముడతల పొట్ట, 38 డిగ్రీలు. నీళ్లు తగ్గిపోయిన కేసు.

కాళ్లు ఎందుకు ముడుచుకుంటాయో తెలిస్తే ఏం చెయ్యాలో దానంతటదే అర్థమవుతుంది. సాలీడు కాలికి ముడిచే కండరాలు అన్ని కీళ్లకీ ఉన్నాయి. రెండు ముఖ్యమైన కీళ్లకి మాత్రం చాచే కండరాలు లేవు. ముందుభాగంలోంచి రక్తాన్ని ఒత్తిడితో కాలిలోకి తోసి దాన్ని చాస్తుంది, జేసీబీ చెయ్యి నూనె ఒత్తిడితో లేచినట్టు. ఒంట్లో నీళ్లు తగ్గితే ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు ముడిచే కండరాలదే పైచెయ్యి. అంటే ముడుచుకోవడం జబ్బు పేరు కాదు, ఒత్తిడి పోయిందన్న గుర్తు. విషం తిన్నా, ముసలితనం వచ్చినా, రక్తం కారినా చివరికి ఇదే భంగిమ.

4.25

ముందు వేడి తగ్గించాలి, తర్వాతే నీళ్లు. పెట్టెని పడమటి గోడ దగ్గర నుంచి తీసి, ఇంట్లో చల్లగా ఉండే నడవాలో గచ్చు మీద పెట్టడం జరిగింది. అక్కడ 33 డిగ్రీలు. ఫ్రిజ్ పక్కన, ఏసీ గాలికి ఎదురుగా పెట్టొద్దు. గంటకి రెండు మూడు డిగ్రీల చొప్పున దిగితే చాలు.

చేత్తో పట్టుకోలేదు. ప్లాస్టిక్ గ్లాసు బోర్లించి, కింద నుంచి అట్ట జరిపి తీయాలి. రెడ్‌నీ పొట్ట మీది వెంట్రుకలు కంట్లో పడితే కంటి డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. నీరసంగా ఉన్న సాలీడు కూడా వాటిని రాల్చగలదు. కళ్లద్దాలు పెట్టుకోండి. చర్మం మీద పడితే రుద్దకుండా సెల్లో టేప్ అంటించి పీకి, తర్వాత కడుక్కోండి.

గ్లాసు బరువు తీసేశాక 19.1 గ్రాములు. నాలుగు వారాల్లో మూడున్నర గ్రాములు పోయింది. బంగారం తూచే చిన్న త్రాసు (0.1 గ్రాము తేడా చూపేది) ఈ హాబీలో అన్నిటికంటే పనికొచ్చే వస్తువు. పొట్ట లావు కంటితో చూసి చెప్పే లెక్క ఎప్పుడూ తప్పుతుంది.

4.40

మందుసీసా మూత కంటే కొంచెం వెడల్పైన మూత, 6 సెంటీమీటర్లు. అందులో 4 మిల్లీమీటర్ల లోతు నీళ్లు, గది వేడిమిలోనివి. సాలీడు ముందుభాగం మూత అంచు మీద ఆనించి, కోరల మొదళ్ల మధ్య కింది వైపున్న నోరు నీటికి తాకేలా పెట్టాలి. పొట్ట మాత్రం నీళ్ల బయటే. ఊపిరి తీసుకునే పుస్తకం రేకుల్లాంటి ఊపిరితిత్తులు నాలుగూ పొట్ట అడుగునే ఉన్నాయి, అవి మునిగితే తాగించబోయి ముంచినట్టే. సూది తీసేసిన 5 మిల్లీలీటర్ల సిరంజితో కోరల మొదట్లో రెండు మూడు చుక్కలు.

ఓఆర్‌ఎస్, గ్లూకోజు, తేనె, కొబ్బరినీళ్లు ఏవీ వద్దు. ఉత్త నీళ్లే. ఒంటి మీద స్ప్రే కొట్టొద్దు, చర్మం గుండా అది తాగలేదు. తడి టిష్యూలు పరిచి మూత బిగించిన డబ్బా, ‘ఐసీయూ’ అని పాతవాళ్లు చెప్పేది, మన ఎండల్లో పెడితే లోపల ఇడ్లీ పాత్రే. గాలి ఆడక, బూజు పట్టి, నీళ్లు తాగే శక్తి ఉన్న సాలీడు కూడా దాంట్లో పోతుంది.

5.15కి వెనక జత కాళ్లు కొంచెం వదులయ్యాయి. 6.50కి నోటి దగ్గర చిన్న కదలిక, నీటి మట్టం తగ్గింది. రాత్రి 9.20కి నాలుగు కాళ్ల మీద లేచి, మూత మీద పూర్తిగా వాలి తాగుతోంది. లైటు ఆర్పేసి వదిలేయడమే.

మే 25, ఉదయం 6.00

20.9 గ్రాములు. ఒక్క రాత్రిలో 1.8 గ్రాముల నీళ్లు. కాళ్లన్నీ చాచి ఉన్నాయి.

రోహిణి కార్తె ఇవాళే మొదలు, కాబట్టి అసలు తప్పు దొరక్కపోతే మళ్లీ ఇదే జరుగుతుంది. పాత పెట్టె విప్పి చూస్తే సంగతి బయటపడింది. సాలీడు మట్టి తవ్వి నీళ్ల మూతలోకి తోసింది. ఆ కొబ్బరి పొట్టు దీపం వత్తిలా పనిచేసి మూతలోని నీళ్లన్నీ కింది మట్టిలోకి లాగేసింది. పొద్దున నింపిన 30 మిల్లీలీటర్లు మధ్యాహ్నానికి లేవు. పై నుంచి చూస్తే మూతలో తడి మట్టి కనిపిస్తుంది, నీళ్లున్నాయనే అనిపిస్తుంది.

మార్పులు: మూతకి బదులు 8 సెంటీమీటర్ల పింగాణీ గిన్నె, అంచు మట్టి కంటే సెంటీమీటరున్నర ఎత్తున. రెండో గిన్నె ఎదుటి మూలలో. పెట్టె శాశ్వతంగా నడవాలోనే. పడమటి వడగాలి పొడిగా వీచే మధ్యాహ్నాల్లో పక్కన తడి గోనె వేలాడదీస్తే రెండు మూడు డిగ్రీలు తగ్గింది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగి ఉక్క పోసేటప్పుడు ఆ గోనె వల్ల ఏ లాభమూ లేదు, తీసేయాలి. కరెంటు పోతే థర్మోకోల్ పెట్టె, అందులో గడ్డకట్టిన అర లీటరు నీళ్ల సీసా ఒకటి తువ్వాలు చుట్టి ఒక పక్క, సాలీడు డబ్బా ఇంకో పక్క. మూత సగం తెరిచి, థర్మామీటరు 26 కంటే కిందికి దిగకుండా చూసుకోవాలి.

మే 29

వీధిలో దోమల పొగ బండి తిరిగింది. ముందే కిటికీలు మూసి, పెట్టెని లోపలి గదిలో పెట్టి, రెండు గంటలు ఆగి తెరిచాం. దోమల లిక్విడ్ మిషన్ అయితే ఆ ఇంట్లో వాడనే వద్దు. అందులోని ట్రాన్స్‌ఫ్లుత్రిన్, ప్రాలెత్రిన్ లాంటివి పురుగుల నరాల్లో సోడియం ద్వారాలు మూసుకోకుండా పట్టి ఉంచుతాయి. దోమకీ సాలీడుకీ ఆ నరాల ఏర్పాటు ఒకటే. దోమతెర, బ్యాట్ వాడుకోండి.

విషం తగిలిన సాలీడు కాళ్లు ముడవడంతో మొదలుపెట్టదు. ముందు కాళ్లు అదుపు తప్పి విసురుగా లేస్తాయి, ఒకదాని మీద ఒకటి పడతాయి, వెనక్కి దొర్లుతుంది. దీన్ని హాబీలో డీకేఎస్ (డిస్‌కైనెటిక్ సిండ్రోమ్) అంటారు. జబ్బు పేరు కాదు, లక్షణాల గుంపు. విరుగుడు మందు లేదు. కొత్త డబ్బా, పాత మట్టి ఒక్క చిటికెడు కూడా లేకుండా, అడుగున రంగులేని టిష్యూ కాగితం, నీళ్లు, చీకటి, 26-28 డిగ్రీలు. నీళ్లు రోజూ మార్చాలి. మేత వద్దు. కొన్ని వారాల్లో తేరుకున్నవి ఉన్నాయి, పోయినవే ఎక్కువ.

జూన్ 8

21.8 గ్రాములు. కీచురాయి వేస్తే దూరంగా జరిగింది. గంటలో తీసేశాం.

మేత గురించి ఒక మాట. గుంటూరు చుట్టుపక్కల చేలల్లో పట్టిన మిడతలు, కీచురాళ్లు టరాంటులాకి వేయకండి. 2021లో నల్ల తామరపురుగు మిరప మీద పడినప్పటి నుంచి ఆ చేలల్లో ఎన్ని రకాల మందు కొడుతున్నారో రైతుని అడిగితే చెప్తాడు. ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ తగిలి ఇంకా చావని మిడత సాలీడుకి సులువుగా దొరుకుతుంది, అదే గొడవ. పత్తి చేలూ అంతే. వంటింటి బొద్దింకా వద్దు, పక్కింటివాళ్లు జెల్ పెట్టి ఉంటారు. సొంతంగా పెంచిన కీచురాళ్లు, మీల్‌వార్ములు వేయండి. ఇంట్లో కుక్కకి పేలమందు చుక్కలు వేసిన చేత్తో సాలీడు గిన్నె ముట్టుకోవద్దు, అందులో తరచుగా ఉండేదీ ఫిప్రోనిలే.

జూన్ 21

మూడో వారం మేత ముట్టలేదు. 21.6 గ్రాములు, నీళ్లు తాగుతోంది. మేత మానేయడం ఒక్కటీ జబ్బు కాదు.

అయినా నోరు చూడాలి. టార్చి పెట్టి, కోరల కింద. తెల్లటి పేస్టులాంటిది, వాసన, ఎరని పట్టినా నమల్లేకపోవడం, ఇవి కనిపిస్తే నులిపురుగులని అనుమానించాలి. 2022లో టారాంటోబెలస్ జెఫ్‌డానియల్సీ అని కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు పేరుపెట్టింది టరాంటులా నోట్లో చేరే ఇలాంటి పురుగుకే. ఆ తెలుపుని తడి దూదిపుల్లతో తీసి ఉప్పునీటి చుక్కలో కలిపి మైక్రోస్కోపు కింద పెడితే మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబులో ఉండే మైక్రోస్కోపు చాలు. తేలితే మిగతా సాలీళ్ల నుంచి వేరే గదికి మార్చాలి, పటకారు కూడా వేరే. నమ్మదగ్గ చికిత్స లేదు.

ఇక్కడ నోరు శుభ్రం. పొట్ట వెనక వెంట్రుకలు రాలిన మచ్చ మే నెలలో లేత గులాబీ రంగులో ఉండేది, ఇప్పుడు సగం నల్లబడింది. లోపల కొత్త వెంట్రుకలు తయారవుతున్నాయి. కుబుసానికి సిద్ధం.

జూలై 6

మచ్చ పూర్తిగా నలుపు. మట్టి మీద దట్టంగా సాలెపట్టు పరిచింది. బతికున్న మేత ఒక్కటి కూడా పెట్టెలో ఉండకూడదు. కుబుసంలో ఉన్న టరాంటులాని కీచురాయి కొరికి తినేస్తుంది, వేటగాడు ఎరవుతాడు.

జూలై 11, రాత్రి 11.30

వెల్లకిలా తిరిగింది. గది 30.2, తేమ 68. లైటు ఆర్పి తలుపు వేశాం.

తెల్లవారుజామున 4.45కి పాత చర్మం పక్కన ఉంది. ఎనిమిది కాళ్లూ, రెండు ముందు చేతులూ బయటపడ్డాయి. ఒక కాలు ఇరుక్కుంటే లాగకండి. మెత్తటి బ్రష్‌తో నీటి చుక్క ఇరుకు దగ్గర పెట్టి, గంటకోసారి చూస్తే చాలు. చాలా కేసుల్లో సాలీడే చివరికి ఆ కాలిని మొదలు దగ్గర తెంపి వదిలేసుకుంటుంది, తర్వాతి కుబుసాల్లో మళ్లీ మొలుస్తుంది. రక్తం కారితే మాత్రం ఆగకూడదు. కాలి మీద అయితే కార్న్‌ఫ్లోర్ అద్దాలి, పొట్ట మీద చిన్న పగులు అయితే ముందు దూదితో ఆరబెట్టి ఫెవిక్విక్ అగ్గిపుల్ల మొనతో ఒక చుక్క. ఊపిరితిత్తుల చీలికల మీద పడకూడదు.

జూలై 12

పాత చర్మం తడిగా ఉన్నప్పుడే నీళ్లలో వేసి విప్పి, లోపలి వైపు చూడటం మంచిది. పీల్చే పొట్ట పొర తెల్లగా తాళ్లలా బయటికి వచ్చింది, చిరగలేదు. అది లోపలే చిక్కుకుంటే సాలీడు బాగానే కనిపిస్తూ నెలల తరబడి తినలేక పోతుంది. సాలీడు కొత్త కోరలు తెల్లగా ఉన్నాయి.

కాగితం పని కూడా ఒకటి. బ్రాకిపెల్మా జాతి అంతా సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. వన్యప్రాణి చట్టానికి 2022లో వచ్చిన సవరణ, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు కావాలి, చనిపోతే అది కూడా తెలియజేయాలి. కుబుసం చావు లెక్కలోకి రాదు లెండి. మన గుత్తి పేరు మోసే నీలం టరాంటులా (పీసిలోథీరియా మెటాలికా) నంద్యాల, గిద్దలూరు అడవుల్లో ఉండే, అంతరించే అంచున ఉన్న జాతి. దాన్ని అడవిలోంచి తేవాలన్న ఆలోచనే వద్దు.

జూలై 19

కోరలు ఎరుపు. మేత వేయలేదు. మెత్తటి కోరతో గట్టి పురుగుని కొరికితే కోర వంగిపోతుంది.

జూలై 27

కోరలు పూర్తిగా నలుపు. 19.4 గ్రాములు, కొత్త కొలత 13.6 సెంటీమీటర్లు. రాత్రి 8.10కి తల నలిపిన మధ్యరకం కీచురాయి ఒకటి, పటకారుతో. పన్నెండు సెకన్లలో పట్టింది. పొద్దుటికి మిగిలిన చిన్న ఉండ తీసేశాం, రెండు గిన్నెల్లోనూ నీళ్లు మార్చాం.