వాలును చదివి కట్టిన ఊరు: లెజార్క్‌లో నాలుగు రోజులు

బూర్ సాన్ మోరిస్ స్టేషన్ దగ్గర రైలు పట్టాలు ముగిసిపోతాయి. ఫ్రాన్స్ ఆగ్నేయ మూలన, ఇటలీ సరిహద్దుకు చేరువలో, ఇజేర్ నది దిగి వచ్చే తారాంతేజ్ లోయలో రైలు వెళ్లగలిగే చివరి ఊరు అది. గత మార్చిలో, లియాన్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి, నేను ఆ స్టేషన్‌లో దిగాం. 1992 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన ఆల్బర్ట్‌విల్ మీదుగా మా రైలు వచ్చింది. పెట్టెలో ఒక మనిషి స్కీలను కిటికీ పక్కన నిలబెట్టుకుని, అవి జారి ఎవరి మీదా పడకుండా దారి పొడవునా చేత్తో పట్టుకునే కూర్చున్నాడు.

నాకు స్కీయింగ్ రాదు. విశాఖపట్నంలో ఆర్కిటెక్ట్‌గా ఇరవై రెండేళ్లు పనిచేశాను. లెజార్క్ అనే ఈ స్కీ కేంద్రం సెక్షన్ డ్రాయింగ్, అంటే కొండనూ కట్టడాలనూ నిలువునా కోసినట్టు చూపే బొమ్మ, ఒకటి చదువుకునే రోజుల్లో చూశాను. కొండవాలు గీత, ఆ గీతను ఒరుసుకుంటూ మెట్లుమెట్లుగా దిగే ఇళ్ల గీత, ఆ రెండూ దాదాపు ఒకటిగా కనిపించడం అప్పటి నుంచీ మనసులో ఉండిపోయింది. కొండ మీద ఏదైనా కట్టాలంటే ముందు పొక్లెయిన్ తెప్పించి చదును చేయించడమే మా దగ్గర అలవాటు. ఆ పని నేనూ చేయించాను. చదును చేయకుండా వేలమందికి సరిపడే ఊరిని ఎలా కట్టారో కళ్లారా చూడాలనిపించింది. "అమ్మా, మంచు చూడటానికి అందరూ వెళతారు, నువ్వు గోడలు చూడటానికి వెళతానంటావేంటి" అని మా అమ్మాయి అన్నది. అన్నదే గానీ, టికెట్లు తీసింది అదే.

స్టేషన్ దగ్గరే ఫ్యునిక్యులర్ ఎక్కాలి. వాలుగా పరిచిన పట్టాల మీద ఉక్కుతాడు లాగే రైలు ఇది. దీన్ని 1989లో ప్రారంభించారు. లోయ అడుగున సుమారు 800 మీటర్ల ఎత్తు నుంచి 1600 మీటర్ల ఎత్తుకు ఏడు నిమిషాల్లో చేరుస్తుంది. కింద పచ్చిగడ్డి, నడుమ ఫర్ చెట్లు, పైన మంచు. ఏడు నిమిషాల్లో మూడు ఋతువులు దాటినట్టయింది. పారిస్‌లో రైలెక్కిన మనిషి కారు ముట్టుకోకుండా మంచు మీద అడుగు పెట్టగలడంటే దానికి కారణం ఈ ఏడు నిమిషాల ప్రయాణమే.

ఇక్కడి ఊళ్లకు పేర్లు వాటి ఎత్తులే. ఆర్క్ 1600, ఆర్క్ 1800, ఆర్క్ 1950, ఆర్క్ 2000. ఆ వరుస మాత్రం కట్టిన క్రమం కాదు. 1600 మీటర్ల ఊరిని 1968లో, 1800ను 1974లో, 2000ను 1979లో తెరిచారు. 1950 మాత్రం 2003లో వచ్చింది.

ఇంత పెద్ద ఊళ్లు ఖాళీ పచ్చిక బయళ్లలో ఎందుకు పుట్టాయో తెలియాలంటే 1960ల ఫ్రాన్స్‌ను గుర్తు చేసుకోవాలి. కొండ ఊళ్లలో యువకులు ఫ్యాక్టరీ పనులకు వలసపోతున్నారు. నగరాల్లో జీతాలు పెరిగి, సెలవులు పెరిగి, శీతాకాలంలో కొండలకు రావాలనుకునే వాళ్ల సంఖ్య పెరుగుతోంది. అప్పటి ప్రభుత్వం "ప్లాన్ నేజ్", అంటే మంచు ప్రణాళిక, 1964లో మొదలుపెట్టింది. ఎత్తైన చోట్ల కొత్తగా లక్షన్నర పడకలు కట్టాలన్నది దాని లక్ష్యం. షామొనీ, మెజేవ్ వంటి పాత ఊళ్లు పర్యాటకం వచ్చాక పెరిగాయి. యుద్ధం ముగిసిన వెంటనే 1946లో మొదలైన కూర్షెవెల్‌ను ఖాళీ నేల మీద కొత్తగా గీసుకుని కట్టారు. లెజార్క్ నాటికి మరో అడుగు ముందుకు వేసి, భూమి, రోడ్లు, స్కీ చేసేవాళ్లను కొండపైకి చేర్చే లిఫ్టులు, ఇళ్లు, దుకాణాలు అన్నీ ఒకే సంస్థ చేతిలో పెట్టి, ఒకే ఆలోచనతో కట్టించారు.

ఆ ఆలోచన వెనుక ఇద్దరున్నారు. ఒకరు రోబేర్ బ్లాన్. ఈ కొండల మీదే పుట్టిన గొర్రెల కాపరి కొడుకు, పర్వతారోహణ గైడు, స్కీయింగ్ నేర్పే గురువు. ఏ వాలులో మంచు నిలుస్తుందో, ఏ వాలు నుంచి మంచు చరియలు జారతాయో ఆయనకు చిన్ననాటి నుంచీ తెలుసు. రెండోవారు రోజే గొదినో, ఆర్థికశాస్త్రం చదివిన మనిషి. డబ్బు, అనుమతులు, సంస్థ నడపడం ఆయన చూసుకున్నారు. ముందు పొట్టి స్కీలతో మొదలుపెట్టి, నేర్చుకునే కొద్దీ పొడవైన స్కీలకు మారే పద్ధతిని ఫ్రాన్స్‌లో ప్రచారంలోకి తెచ్చింది ఈ లెజార్క్‌లోనే. తన చేతిమీదుగా ఎదిగిన ఈ కొండమీదే, 1980లో మంచు చరియల కింద చిక్కుకుని బ్లాన్ చనిపోయారు.

ఆర్కిటెక్టుల బృందానికి మధ్యలో నిలబడిన వ్యక్తి షార్లొట్ పెరియాన్. 1903లో పుట్టిన ఈమె 1927 నుంచి ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ లె కార్బుసియే స్టూడియోలో పనిచేశారు. ఆ తర్వాత చండీగఢ్‌కు వచ్చి కుర్చీల దగ్గర నుంచి ఇళ్ల దాకా రూపకల్పన చేసిన పియేర్ జానెరే ఆ స్టూడియోలో ఆమె సహచరుడు. కొండెక్కేవాళ్ల కోసం పీపా ఆకారంలో, విడదీసి మోసుకెళ్లగల ఆశ్రయాన్ని 1938లో వాళ్లిద్దరూ కలిసి గీశారు. 1940లో ఆమె జపాన్ వెళ్లి, చిన్న గదిలో పెద్ద జీవితం ఎలా గడపవచ్చో అక్కడ చూశారు. లెజార్క్ పని మొదలుపెట్టేనాటికి ఆమెకు అరవై దాటాయి. ఆ తర్వాత రెండు దశాబ్దాల పాటు ఆ పనిలోనే ఉన్నారు. మన దగ్గర ఆ వయసు వాళ్లను పదవీ విరమణ సభలో శాలువా కప్పి ఇంటికి పంపుతాం. అందుకే ఆ లెక్క నన్ను చాలాసేపు నిలబెట్టింది.

1600లో మేము ముందు చూసింది లా కాస్కాద్ అనే భవనం. దక్షిణం వైపు ఒక్కో అంతస్తు కింది అంతస్తు కంటే కొంచెం వెనక్కి జరిగి ఉంటుంది. అందువల్ల పై ఇంటి బాల్కనీ నీడ కింది ఇంటి బాల్కనీ మీద పడదు. ఉత్తరం వైపు అదే వాలు గోడ ముందుకు వంగి, కింద నడిచే దారికి చూరులా పనిచేస్తుంది. ఒకే వంపు ఒకవైపు ఎండను పంచుతోంది, మరోవైపు మంచును ఆపుతోంది. ఆ వంగిన గోడ కింద నిలబడి తల పైకెత్తితే, మన పెంకుటిళ్ల వసారాలో వాన చూస్తూ నిలబడినప్పటి నిశ్చింత కలిగింది.

ఆ దగ్గరే వెర్సాన్ స్యూద్ ఉంది. పై దారిలో నుంచి చూస్తే భవనం ఉన్నట్టే తెలియదు. మంచు కప్పిన పైకప్పు కొండవాలులో కలిసిపోయి, దాని మీదుగా చూపు సూటిగా ఎదుటి పర్వతాల దాకా పోతుంది. మెట్లు దిగి కిందికి వెళ్లి వెనక్కి తిరిగితే గానీ, ఇంటిమీద ఇల్లుగా ఎన్ని కుటుంబాలు అందులో ఉన్నాయో అర్థం కాదు. నేను డ్రాయింగులో చూసిన గీత ఇదే. మా అమ్మాయి ఫొటోలు తీస్తూ ఉంటే నేను చేతి తొడుగు తీసి, ఆ చెక్క తొడుగు మీద వేళ్లు ఆనించాను. యాభై ఏళ్ల ఎండకు దక్షిణపు పలకలు నల్లబడి, చారలు పైకి తేలి, ఎండు కొబ్బరి డొక్కలా గరుకుగా ఉన్నాయి.

మా బస 1800లో. షార్వే, విలార్, షార్మెతొజే వంటి పేటలుగా పరుచుకున్న ఈ ఊరు 1600 కంటే చాలా పెద్దది. పొడవైన భవనాలు వంపులు తిరుగుతూ ఉంటాయి. పై దారి వైపు పొట్టిగా, లోయ వైపు పొడుగ్గా కనబడతాయి. కార్లు ఊరి అంచున వదిలేయాలి. భవనానికి ఒక పక్క రాకపోకల దారి, రెండో పక్క మంచు. అటు తలుపు తీసి స్కీలు తొడుక్కుంటే లిఫ్టు దాకా జారుతూ వెళ్లవచ్చు. ఇళ్లను ఇలా ఒకచోట దగ్గరగా పేర్చడంలో ఒక లెక్క ఉంది: చెదురుమదురుగా వేల చిన్న ఇళ్లు కట్టి ఉంటే ఆ వాలంతా కంచెలు, రోడ్లు అయిపోయేది. ఇరుకుగా కట్టడం వల్ల మిగతా నేల అందరిదిగా మిగిలింది. ఈ నిర్ణయం సరైనదని నేను పూర్తిగా నమ్ముతున్నాను.

మేము అద్దెకు తీసుకున్న ఫ్లాట్ మన ఇళ్లలో ఒక పడకగదికి కొంచెం పెద్దది. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా గోడంత అద్దం, అందులో దూరాన మాంట్ బ్లాంక్. వంటిల్లు వేరే గది కాదు. కూర్చునే చోటికీ వంటకూ నడుమ నడుం ఎత్తు చెక్క గట్టు ఒక్కటే. వంట చేసే మనిషి వచ్చినవాళ్లకు వీపు చూపించి ఒక మూల గదిలో ఒంటరిగా ఉండకూడదన్నది పెరియాన్ పట్టుదల. ఆ సాయంత్రం నేను చారు కాస్తూ, గట్టు అవతల మా అమ్మాయి చెప్పే కబుర్లు వింటూ, దాని భుజం మీదుగా మంచు కొండ గులాబీ రంగుకు తిరగడం చూశాను. మా అమ్మ జీవితమంతా పెరటి వైపు చీకటి వంటింట్లోనే గడిచింది. ముందు గదిలో నవ్వులు వినిపిస్తే చెంగుతో చేతులు తుడుచుకుంటూ గడప దాకా వచ్చి, "ఏంటే, ఏమన్నారు?" అని అడిగేది. ఆ గట్టు మీద చెయ్యి పెట్టినప్పుడల్లా ఆమే గుర్తుకొచ్చింది.

స్నానాల గది మరో అద్భుతం. ఈ ఎత్తులో మంచు కరిగిన తర్వాత, మళ్లీ కురిసేలోపు ఏడాదికి కొద్ది నెలలే నిర్మాణం సాగుతుంది. అందుకని 1800లో స్నానాల గదులను పడవలు చేసే తరహాలో పాలిస్టర్‌తో ఫ్యాక్టరీలోనే అచ్చు పోసి, అమర్చడానికి సిద్ధంగా పైకి తెచ్చారు. మా ఫ్లాట్‌లో అది అలాగే ఉంది. గోడ నేలగా, నేల తొట్టిగా ఎక్కడా అతుకు లేకుండా వంపు తిరుగుతుంది. మూలలు లేవు కాబట్టి పాచి పట్టే చోటూ లేదు. టైల్స్ సందుల్లో తెల్ల సిమెంటు నల్లబడిందని ఫోన్ చేసిన నా పాత క్లయింట్లందరూ ఒక్కసారిగా జ్ఞాపకం వచ్చారు.

మూడోరోజు ట్రాన్సార్క్ అనే గొండోలా, అంటే ఉక్కుతాడుకు వేలాడుతూ కొండెక్కే పెట్టె, ఎక్కాం. నడిచేవాళ్లకు కూడా టికెట్ ఇస్తారు. కొండ అంచు దాటాక చెట్లు లేని తెల్లటి గిన్నెలాంటి లోయ తెరుచుకుంటుంది. ఆ గిన్నె అడుగునే ఆర్క్ 2000, దాని వెనుక 3226 మీటర్ల ఎగ్వీ రూజ్, ఎర్ర సూది అని అర్థం. ఆ శిఖరం నుంచి విలారొజే పల్లె దాకా ఏడు కిలోమీటర్ల పైచిలుకు ఒకే దారిలో, నిలువున రెండు వేల మీటర్లు స్కీల మీద దిగవచ్చు. ఆర్క్ 2000 భవనాలు ఎత్తుగా, మంచు మధ్య ఓడల్లా నిలబడ్డాయి. వాటిలో 1600 నాటి వినయం నాకు కనిపించలేదు. కొంచెం దిగువన ఉన్న 1950ను కెనడా సంస్థ ఒకటి కట్టింది. ఈ ప్రాంతపు పాత పేరైన సవ్వాలోని పల్లెను తలపించే రాతి గోడలు, వాలు కప్పులు, రంగురంగుల గోడలు, కార్లన్నీ నేల కింద. పిల్లలున్న కుటుంబాలకు అది ఎంతో ఇష్టమైన ఊరని చూస్తేనే తెలుస్తుంది. నాకు మాత్రం పాతదాన్ని అనుకరించే ఇంటికంటే, నేలను అనుసరించే ఇల్లే ఎక్కువ నచ్చుతుంది.

1950 తెరిచిన 2003లోనే, డిసెంబరులో వనువాజ్ ఎక్స్‌ప్రెస్ అనే రెండంతస్తుల రోప్‌వే పెట్టె నడవడం మొదలైంది. లోయకు 380 మీటర్ల ఎత్తున, నడుమ ఒక్క స్తంభం కూడా లేకుండా, దాదాపు రెండు కిలోమీటర్ల దూరాన్ని ఒక్కో పెట్టె రెండు వందల మందితో దాటుతుంది. దాంతో లెజార్క్, లోయకు అవతలి స్కీ కేంద్రం లా ప్లాన్ కలిసి 425 కిలోమీటర్ల స్కీ దారులున్న పారాదిస్కీ అనే ఒకే ప్రాంతం అయ్యాయి.

ఇదంతా లాభంగానే చెప్పి ఊరుకుంటే అన్యాయం అవుతుంది. సాయంత్రం ఏడు గంటలకు 1800లో నడుస్తూ కిటికీలు చూశాను. సెలవుల వారాలు దాటిపోయాయేమో, చాలా ఇళ్ల తలుపులు మూసే ఉన్నాయి. ఏడాదిలో కొన్ని వారాలే వెలిగే ఇళ్లను ఇక్కడివాళ్లు "చల్లటి పడకలు" అంటారు. ఇలాంటి కట్టడాల మీద విసుగు అప్పట్లోనే మొదలైంది. 1977లో అధ్యక్షుడు జిస్కార్ దెస్తాన్ వల్లూయీజ్‌లో ప్రసంగిస్తూ కొండలను కాపాడుకోవాలని చెప్పడంతో మంచు ప్రణాళిక ఊపు తగ్గింది. 1985లో పర్వత ప్రాంతాల చట్టం వచ్చింది. మార్చి ఎండకు 1600 కింది వాలుల్లో గడ్డి బయటపడింది. దారి పక్కన కృత్రిమ మంచు చిమ్మే యంత్రాలు వరుసగా నిలబడి ఉన్నాయి. వాటిని చూస్తే బెంగ కలిగింది.

తిరిగి వచ్చే రోజు బూర్ సాన్ మోరిస్‌లో ఒక చీజ్ దుకాణానికి వెళ్లాం. ఒక్కొక్కటి నలభై కిలోల బోఫోర్ చక్రాలు చెక్క అరల మీద పేర్చి ఉన్నాయి. తారీన్ జాతి ఆవుల పాలతో, ఒక్క చక్రానికి సుమారు 400 లీటర్లు పోసి చేస్తారు. ఆ ఆవులు వేసవిలో ఎక్కడ మేస్తాయని మా అమ్మాయి చేత ఫ్రెంచిలో అడిగించాను. కౌంటరు వెనుక ఉన్నావిడ కత్తి పక్కన పెట్టి, తలుపు దాకా వచ్చి, పైకి చూపించింది. జూన్‌లో మందలు ఆ స్కీ దారుల మీదికే ఎక్కుతాయట. లిఫ్టు స్తంభాల మధ్య మేస్తాయట.

రైలుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. ప్లాట్‌ఫామ్ బెంచీ మీద కూర్చుని నోట్‌బుక్ తీశాను. ఫ్యునిక్యులర్‌లో మొదలుపెట్టిన సెక్షన్ సగంలో ఉంది: లోయ నుంచి శిఖరం దాకా నేల గీత, దాని మీద 1600 ఇళ్లు. 1800 భవనాలు కూడా గీసి, వాటి పైన, లిఫ్టు స్తంభాల పక్కన, మా అమ్మాయి చెప్పిన చోట నాలుగు ఆవుల్ని కూడా వేశాను.