బాస్టెట్ ఊళ్లో గుర్తొచ్చిన మామ్మ కోడి

కైరోలో ఆరు రోజులున్నాను. పిరమిడ్ల గురించి రాయను, అందరూ రాశారు. తహ్రీర్ స్క్వేర్ మ్యూజియంలో జంతువుల మమ్మీలున్న గదిలో చూసిన ఒక చిన్న మూట మాత్రం నన్ను వదల్లేదు.

అది పిల్లి మమ్మీ. రెండు రంగుల నారబట్ట పేలికల్ని చాప అల్లినట్టు అల్లి చుట్టారు. పైన కళ్లు, ముక్కు రంగుతో దిద్దారు. పసిబిడ్డకి బట్ట చుట్టినంత శ్రద్ధ! నేను మురిసిపోతుంటే గైడ్ మిగతా కథ చెప్పాడు. ఇలాంటివాటికి ఎక్స్‌రే తీస్తే చాలావరకు ఏడాది నిండని పిల్లికూనలేనట, చాలా వాటికి మెడ విరిచిన గుర్తులున్నాయట. పిల్లి దేవత బాస్టెట్‌కి మొక్కుల కోసమే పెంచి, చంపి, మమ్మీ చేసి భక్తులకు అమ్మేవారు. కొన్ని మూటల్లో నాలుగు ఎముకలే ఉంటాయి. తర్వాత ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. ప్రాచీన ఈజిప్టు రాజు మూడో అమెన్‌హోటెప్ కొడుకు థుట్మోస్ తన పెంపుడు పిల్లికి చేయించిన సున్నపురాయి శవపేటిక అది. నైవేద్యాల బల్ల ముందు దర్జాగా కూర్చున్న పిల్లి బొమ్మ, దాని పేరు "తా మియు". ఆడపిల్లి అని అర్థం.

ఒకదానికి రాతిపేటిక, లక్షల వాటికి మెడ విరుపు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దేవత రూపమని కొలిచే ప్రాణిని ఎలా చంపగలిగారు?

మర్నాడు లక్సర్ టూర్ మానుకుని, రామ్సెస్ స్టేషన్లో జగాజిగ్ రైలెక్కాను. ఆ బాస్టెట్ ఊరు బుబాస్టిస్ ఆ పట్నాన్ని ఆనుకునే ఉంది. ఇప్పుడు తెల్ బస్తా అంటారు.

కిటికీలోంచి చూస్తుంటే కోనసీమలో తిరుగుతున్నట్టే ఉంది. కాలవలు, గట్లు, పచ్చటి చేలు. కొబ్బరిచెట్ల చోట ఖర్జూరాలు, అంతే తేడా. ఎదురు సీట్లో మా అమ్మ వయసావిడ దోసెడు పుచ్చగింజలు నా చేతిలో పోసింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు అరబ్బీ రాదు. ఫోన్‌లో కంచు పిల్లి ఫొటో చూపిస్తే "ఉత్తా!" అంది. వాళ్ల భాషలో పిల్లి అన్నమాట. ఈ దేశంలోనే ఒకప్పుడు పిల్లిని "మియు" అనేవారని చెప్పాలనిపించి "మియు, మియు" అన్నాను. ఆవిడ పగలబడి నవ్వి తనూ "మ్యావ్" అంది. దిగేదాకా ఇద్దరికీ అదే సంభాషణ.

దాదాపు 2,450 ఏళ్ల కిందట గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ బుబాస్టిస్‌లో బాస్టెట్‌కి జరిగే జాతర గురించి రాశాడు. ఆడా మగా పడవలెక్కి, పిల్లనగ్రోవులు ఊదుతూ, చప్పట్లు కొడుతూ ఆ ఊరికి వచ్చేవారట. దారిలో ఊరు తగిలినప్పుడల్లా పడవలోని ఆడవాళ్లు గట్టు మీది ఆడవాళ్లని కేకలేసి ఆటపట్టించేవారట. పిల్లలు కాకుండానే 7 లక్షల మంది అని అక్కడివాళ్లు అతనికి చెప్పారు. తిరుపతి గంగమ్మ జాతరలో తిట్లు కూడా మొక్కే కదా, నాకది వింతనిపించలేదు.

స్టేషన్ బయట టాక్సీ అతను మూడింతలు అడిగాడు. బేరమాడే ఓపిక లేక ఇచ్చేశాను గానీ ఆ మంట చాలాసేపు ఉంది.

తెల్ బస్తాలో జనం లేరు. పడిపోయిన ఎర్ర గ్రానైట్ బండలు, వాటి మీద చెక్కిన రాజులు. ఊరి నేల ఎత్తు పెరుగుతూ పోయినా గుడి మాత్రం మొదట కట్టిన చోటే ఉండిపోవడంతో, చుట్టూ ఎటునుంచైనా దాన్ని కిందకి చూడొచ్చని హెరొడోటస్ రాశాడు. ఆ పల్లం ఇప్పటికీ తెలుస్తుంది. ఉత్తరాన పిల్లుల శ్మశానం.

అక్కడ ఒక బండ మీద కూర్చుంటే మా మామ్మ గుర్తొచ్చింది. పిల్లి ఎదురైతే వెనక్కొచ్చి, కాసిన్ని మంచినీళ్లు తాగి గానీ బయల్దేరని మనిషి. ఏటా అమ్మవారికి ఒక కోడిని మొక్కేది. కాలికి పసుపు గుడ్డ కట్టి, నూకలు తన చేత్తోనే వేసేది. ఎవరైనా అదిలిస్తే "అమ్మోరి కోడిరా, కొట్టకండి" అనేది. జాతర రోజు తనే తీసుకెళ్లి ఇచ్చేది. ఆ పూట ముద్ద ముట్టేది కాదు. మామ్మకి ఆ కోడి మీద ప్రేమ లేదని నేనెలా అంటాను? చిన్న మూటకి కళ్లు దిద్దిన చెయ్యీ అలాంటిదే అయ్యుంటుంది.

నా కోపమంతా వేరేవాళ్ల మీదకి మళ్లింది. ఈజిప్టులోనే బెని హసన్ అనే చోట తవ్విన పిల్లి మమ్మీలను, సుమారు 1,80,000 ఉంటాయని లెక్క, 1890లో 19 టన్నుల సరుకుగా ఓడలో ఇంగ్లండులోని లివర్‌పూల్‌కి పంపారు. అక్కడ పిండి కొట్టి పొలాలకి ఎరువుగా అమ్మారు. ఎవరి బిడ్డ జ్వరం తగ్గాలని, ఎవరి కడుపు పండాలని ఇచ్చిన మొక్కులో అవి!

తిరుగు రైల్లో అమ్మకి ఫోన్ చేశాను. "మామ్మ ఆ కోళ్లకి పేర్లు పెట్టేదా?" అని అడిగాను.

"లేదే," అంది అమ్మ. "పేరు పెడితే ఇక ఇవ్వలేనే అనేవారు మీ మామ్మగారు."