రైటింగ్‌లో 5.5 నుంచి 6.5 దాకా: దిద్దిన కాగితాలతో నా అనుభవం

పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఆ తర్వాత ఇంజినీరింగ్‌ను ఇంగ్లీషులో ఎలాగో నెట్టుకొచ్చిన నాలాంటివారికి ఇంగ్లీషు ప్రావీణ్యాన్ని కొలిచే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో అన్నిటికన్నా రైటింగే గండం. గంట వ్యవధిలో కనీసం 150 పదాల రచన ఒకటి, కనీసం 250 పదాల వ్యాసం ఒకటి పూర్తి చేయాలి. రెండోదాని విలువ మొదటిదానికి రెట్టింపు. ఇంత చేసి రాస్తే చేతికి వచ్చేది తొమ్మిదికి ఇంత అనే బ్యాండ్ స్కోరు ఒక్కటే, ఏ వాక్యం ఎక్కడ దెబ్బతిన్నదో అందులో ఉండదు. నాకు 5.5 వచ్చింది.

అప్పటికి నేను వెళ్తున్న కోచింగ్ సెంటర్‌లో దిద్దుబాటుకు లోటేమీ లేదు. ప్రతి తప్పునూ కొట్టివేసి, పైన ఒప్పును ఎర్ర సిరాతో రాసి ఇచ్చేవారు. నేను ఒకసారి తిరగేసి, సరేననుకొని ఫైల్లో పెట్టేవాణ్ణి. తర్వాతి వ్యాసంలోనూ ఎర్ర సిరా దాదాపు అవే చోట్ల కనిపించేది. ఆలోచించే పనంతా దిద్దేవారే చేసేస్తే రాసినవాడికి మిగిలేది చూసుకోవడమే కదా.

డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు బోధించి రిటైరైన ఒక మేడం దగ్గరికి మా ఊళ్లో వెళ్లడం మొదలుపెట్టాక పద్ధతి పూర్తిగా మారింది. ఆమె ఒప్పు రాసేవారు కాదు. తప్పున్న చోట గీత గీసి, మార్జిన్‌లో కాలానికి ఒక గుర్తు, ఆర్టికల్‌కు (a, an, the) ఒక గుర్తు, మాటల వరుసకు ఒక గుర్తు పెట్టేవారు. "ముందు నువ్వు వెతుకు, దొరక్కపోతే అప్పుడు చెప్తాను" అనేవారు. వ్యాసమంతా తిరగరాసి, పాత ప్రతిని జతచేసి ఇస్తేనే కొత్త అంశం ఇచ్చేవారు. పైగా ఒక్కో విడతలో ఒకటి రెండు రకాల తప్పులనే పట్టించుకొని, మిగతావి చూసీ చూడనట్లు వదిలేసేవారు. మొదట్లో అది నాకు బద్ధకంలా తోచింది.

తిరగరాస్తున్నప్పుడే నా తప్పుల మూలం తెలిసింది. తెలుగులో ఆర్టికల్స్ లేవు. "వచ్చాను" అనే ఒక్క రూపం ఇంగ్లీషులో రెండు వేర్వేరు కాలాలకు సరిపోతుంది. ప్రశ్నను పెద్ద వాక్యంలో ఇమిడ్చేటప్పుడు మనం చివర ఓకారం చేర్చి ఊరుకుంటాం, ఇంగ్లీషులోనైతే క్రియ తన చోటు మార్చుకోవాలి. ఎవరో కొట్టివేసి చూపితే ఇవి పట్టుబడేవి కావు.

ఈ దిద్దుబాట్ల వల్ల ప్రయోజనం ఉందా అన్నదానిపై పరిశోధకులే వాదులాడుకున్నారని మేడమే చెప్పారు. వ్యాకరణ దిద్దుబాటు పనికిరాదని, హానికరం కూడానని, మానేయాలని 1996లో జాన్ ట్రస్కాట్ వాదించారు. డానా ఫెరిస్ 1999లో దానికి జవాబిస్తూ, నియమానికి లొంగే తప్పులను, లొంగని తప్పులను వేరుగా చూడాలన్నారు. నా మట్టుకు ఫెరిస్ మాటే నిజమైంది: కాలాలు, ఆర్టికల్స్ చాలావరకు దారికి వచ్చాయి, ప్రిపొజిషన్లు (in, on, at లాంటివి) మాత్రం ఇప్పటికీ మొండికేస్తున్నాయి.

అయినా వ్యాకరణం విలువ పావు వంతే. ప్రశ్నకు జవాబు చెప్పిన తీరు, పొందిక, పదసంపద అనే మిగతా మూడు ప్రమాణాలకూ దానితో సమాన విలువ ఉంది. నగరాల్లో సొంత కార్లను తగ్గించడంపై రాస్తూ, ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలని ముగిస్తే, మేడం పక్కన "ఏ చర్య? ఖర్చు ఎవరి జేబులోంచి?" అని రాశారు. ఆ రెండు ప్రశ్నలకు జవాబు రాయడానికి నాకు ఒక పేరా పట్టింది, ఆ పేరాయే వ్యాసంలో చదవదగ్గ భాగమైంది. గుర్తులకన్నా ఇలాంటి వ్యాఖ్యలే నాకు ఎక్కువ మేలు చేశాయని అనుకుంటున్నాను.

తర్వాతి పరీక్షలో 6.5 వచ్చింది, నేను దరఖాస్తు చేసిన కోర్సుకు అది సరిపోయింది. ఇప్పుడు ఆ కోర్సులో అధ్యాపకులు అసైన్‌మెంట్లపై వ్యాఖ్యలు రాస్తారు గానీ ఆర్టికల్స్ జోలికి వెళ్లరు, వారు అడిగేది ఆధారాల గురించే. అందుకని సమర్పించే ముందు మార్జిన్‌లో ఆ గుర్తులు నేనే పెట్టుకుంటున్నాను.