అమ్మ చేతికి పట్టీ
అమ్మకు రక్తపోటు చూసే బ్లూటూత్ యంత్రం కొనిచ్చాను. పట్టీ చుట్టుకోవడం మొదటి రోజే వచ్చేసింది. ఇబ్బందంతా ఫోనుతోనే. యాప్ మాటిమాటికీ పాస్‌వర్డ్ అడుగుతుంది, అక్షరాలు చీమల్లా ఉంటాయి, వణికే వేలు పక్క బొత్తాం మీద పడుతుంది. "నాకు చదువు రాదనుకుంటోందేమోరా ఇది" అంది ఒకసారి. 30 ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి! ఆ మాట ఇంకా బాధిస్తోంది.

ఒక వారం అంకెలు 160 దాటాయి. కంగారుగా వెళ్లి చూస్తే, పట్టీ ఆమె చేతికి చిన్నది. చిన్న పట్టీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పెద్దది తెచ్చాను. ఇప్పుడు 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, చేయి గుండె ఎత్తులో బల్లపై ఆనించి చూసుకుంటుంది. అంకెలు నోటుపుస్తకంలో రాసి, సాయంత్రం నాకు ఫోనులో చదివి వినిపిస్తుంది. యాప్ తీసేశాను.